వెళ్దురుగాని

ఆ ఊరు నిజానికి ఊరే కాదు. వర్జీనియా కొండల కింద గుర్రాలు పెంచి బాగా గడించిన ఒక పెద్దమనిషి ఒకసారి ఇంగ్లండు వెళ్ళాడు. అక్కడి పల్లెటూరు చూసి మనసు పారేసుకుని, తిరిగొచ్చి తన పొలంలోనే అలాంటిదొకటి కట్టించుకున్నాడు. గడ్డి కప్పిన రాతి ఇళ్ళు, నడుమ బాతుల కుంట, ఓ మూల ఎర్ర టెలిఫోన్ డబ్బా, ఒక చర్చి. చర్చిలో ప్రార్థనలు జరగవు, పెళ్ళిళ్ళకు అద్దెకిస్తారు. ఆయన పోయాక పిల్లలు ఊరికి గేటు పెట్టి, టికెట్టు పెట్టి, జనాన్ని రానిచ్చారు. పేరు అప్పర్ థార్న్‌బీ. లోయర్ థార్న్‌బీ ఎక్కడా లేదు.

జ్ఞానప్రసూన ఒక ఇంటి గోడను వేలి కణుపుతో కొట్టి చూసింది. డొల్లగా మోగింది. రాయి కాదు, రాయిలా పోతపోసిన పలక. ఆమెకేమీ ఆశ్చర్యం కలగలేదు.

హెర్న్‌డన్ నుంచి పొద్దున్నే కార్లు కట్టుకుని వచ్చారు. నడక మిత్రులు అని పేరు పెట్టుకున్న గుంపు అది. సెలవురోజుల్లో ఏదో ఒక అడవిదారి పట్టి కాసేపు నడుస్తారు, నడిచినదానికంటే ఎక్కువసేపు ఫొటోలు తీసుకుంటారు, ఆ రెండింటికంటే ఎక్కువసేపు తింటారు. వాళ్ళందరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళు. ఆమె ఒక్కతే పంతులమ్మ. వారమంతా బడిలో, దేశానికి కొత్తగా వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది. ఆదివారం లైబ్రరీ గదిలో, ఇక్కడే పుట్టిన పిల్లలకు తెలుగు చెబుతుంది. ఇంగ్లీషు రానివాళ్ళతోనూ తెలుగు రానివాళ్ళతోనూ ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. రెండూ వచ్చనుకునేవాళ్ళతోనే వేగలేదు.

ఆమె భర్త ఆంజనేయప్రసాద్ మొన్నటి చలికాలంలో గుండె ఆగి పోయారు. ఇవాళ్టి నడక ఆయన పేరు మీద పెట్టారు. రానంటే బాగుండదని వచ్చింది.

"మేడమ్, మీకొక సర్‌ప్రైజ్," అన్నాడు తేజేశ్వర్, ఆమె కారు దిగీ దిగకముందే.

తేజేశ్వర్ ఒక కంపెనీలో డైరెక్టరు. మనుషుల్ని నడిపించడం అలవాటైపోయి, నడవడానికి వచ్చిన చోట కూడా నడిపించకుండా ఉండలేడు. అందరికీ ఇంగ్లీషువాళ్ళు పెట్టుకునే చదును టోపీలు తెప్పించాడు. తను పెట్టుకున్న టోపీ చెవుల మీదికి దిగి, ఎవరో పైనుంచి మొత్తినట్టుంది.

"ఇంగ్లండ్‌లో ఇది ట్రెడిషన్ మేడమ్. ఎవరైనా పోతే, వాళ్ళకి ఇష్టమైన చోట ఒక బెంచ్ వేసి, దాని మీద ఇత్తడి ప్లేట్ కొడతారు. ఇక్కడ కూడా చేస్తారట. ఇక్కడి ఆఫీసులో లిండాతో మాట్లాడేశాను. కొండ మలుపులో ఉన్న బెంచ్ ప్రసాద్ గారికిచ్చారు. తెలుగులో పెట్టుకోవచ్చన్నారు కూడా."

"ఏం పెడుతున్నారు?"

ఫోన్ చేతికిచ్చాడు. అందులో ఇలా ఉంది: 'ప్రేమపూర్వక జ్ఞాపకంలో, ఆంజనేయప్రసాద్, ఎవరైతే ఈ దృశ్యాన్ని ప్రేమించారో.'

జ్ఞానప్రసూన రెండుసార్లు చదివింది. మొదటిసారి అర్థం కోసం. రెండోసారి, అర్థం లేదని రూఢి చేసుకోవడానికి.

"ఇది ఎవరు రాశారండీ?"

"ఎవరూ రాయలేదు మేడమ్. ఇంగ్లీష్‌ది ఇస్తే ఫోనే ట్రాన్స్‌లేట్ చేసేసింది. మీరు జస్ట్ చూసి ఓకే అనండి చాలు. లేదంటే మీరే ఒక లైన్ రాసివ్వండి. సాయంత్రం మనం బయల్దేరేలోపు లిండాకి ఇచ్చేయాలి. రేపు చెక్కేవాడు వస్తాడట, మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలీదు."

"నేనివ్వకపోతే?"

"ఇదే వెళ్తుంది. ఇదీ బానే ఉంది కదా."

అదీ సంగతి. సాయంత్రంలోపు ఒక వాక్యం కావాలి. లేదంటే ఆయన పేరు పక్కన 'ఎవరైతే' అనే మాట ఇత్తడి మీదికెక్కి, వానకీ మంచుకీ చెరక్కుండా, ఆమె పోయాక కూడా ఉంటుంది. బెంచీయే వద్దని చెప్పవచ్చు. వద్దంటే కారణం అడుగుతారు, కారణం చెబితే ఓదారుస్తారు. ఆ ఓదార్పు తప్పించుకోవడానికి ఆమె ఈ నెలల్లో చాలా వాటికి సరేనంది.

"రాసిస్తాను," అంది.

తేజేశ్వర్ ఆమెకు ఒక తెల్ల అట్టముక్క ఇచ్చాడు. దాని మూలన బాతు బొమ్మ ఉంది.

ఊరి చివర గోడకు ఒక చెక్క వేలాడుతోంది, పబ్లిక్ ఫుట్‌పాత్ అని. దాని వెనక గడ్డి, గడ్డిలో గొర్రెలు.

"ఇదేం ఫుట్‌పాత్ అండీ?" అన్నాడు రఘు. వరంగల్ కుర్రాడు, గుంపులో అందరికంటే చిన్న ఉద్యోగి, నవ్వించడం తన బాధ్యత అనుకుంటాడు. "ఫుట్‌పాత్ అంటే ఒక ఇడ్లీ బండి ఉండాలె, ఒక బైక్ ఎక్కి రావాలె. గడ్డి తప్ప ఏం లేదీడ."

"రఘూ, అది హెరిటేజ్," అంది రేష్మ. రేష్మ తేజేశ్వర్ భార్య. దిగినప్పటి నుంచి ఫోన్ దించలేదు. "ఎంత అథెంటిక్‌గా ఉంది కదా మేడమ్. ఇంగ్లండ్ వెళ్ళాల్సిన పనే లేదు."

"మీరు వెళ్ళారా?"

"లేదు మేడమ్, లండన్‌లో ట్రాన్సిట్ అంతే."

జ్ఞానప్రసూన తల పంకించింది. ఆమె కూడా వెళ్ళలేదు. కానీ వెళ్ళని ఊరి అసలుతనం గురించి ఆమె ఎవరికీ హామీ ఇవ్వలేదు.

గోడ దాటడానికి అటూ ఇటూ చెక్కమెట్లు కట్టి ఉన్నాయి. పోయిన శరదృతువులో కూడా వీళ్ళతోనే ఇక్కడికి వచ్చారు, ఆమే ఆయనా. అప్పుడాయన ఈ మెట్ల ముందు నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ముందు గోడ కట్టడం దేనికి ప్రసూనా, మళ్ళీ అది ఎక్కడానికి మెట్లు కట్టడం దేనికి? వీళ్ళకి పని లేదా?" అన్నారు. ఇప్పుడు అందరూ వరసగా ఆ మెట్లెక్కి, పైన ఆగి, ఒక కాలు గాల్లో పెట్టి ఫొటోలు దిగారు.

మధ్యాహ్నం దాకా ఆ ఊళ్ళో చేయవలసినవన్నీ చేశారు. బాణాలు వేశారు. ఒక్కటీ తగల్లేదు, తగలకపోవడాన్ని వీడియో తీశారు. వాగులో చేపలు పట్టారు. పట్టిన చేపను కొక్కెం తీసి మళ్ళీ వాగులోకి వదిలెయ్యాలట, అది అక్కడి నియమం. నోరు చిల్లుపడిన చేప అడుగుకు పోతుంటే చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు. ఒకామె చేతి తొడుగు మీద డేగను కూచోబెట్టుకుని తిరుగుతోంది. తేజేశ్వర్ ఆ తొడుగు అడిగి వేసుకున్నాడు. డేగ అతన్ని ఒకసారి చూసి తల పక్కకు తిప్పుకుంది. ఆ రోజు మొత్తంలో జ్ఞానప్రసూనకు నచ్చిన ప్రాణి అదొక్కటే.

నడుస్తూ, నిలబడుతూ, చేతిసంచిలోని అట్టముక్క మీద మనసులోనే రాసి కొట్టేస్తూ ఉంది. వాక్యం కుదరకపోవడానికి కారణం ఆమెకు తెలుసు. ఆయన నవ్వించేవారు. ఆయన తోడుండేవారు. ఆయన అనేవారు. ఎటునుంచి మొదలుపెట్టినా ఆ 'ఏవారు' దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. జరిగి, జరుగుతూ ఉండి, ఇక జరగనివాటికి తెలుగులో ఆ ఒక్క తోక ఉంది. ఆదివారం తరగతిలో అదొక పాఠం. పిల్లలకు అది ఎప్పుడూ సరిగ్గా పట్టుబడదు. చలికాలం నుంచి ఆమె ఆ పాఠం చెప్పడం మానేసింది. ఎవరూ అడగలేదు.

భోజనానికి కుంట పక్కన దుప్పట్లు పరిచారు. ఊరివాళ్ళ పద్ధతిలో టీ, రొట్టెలు, మీగడ తెప్పించి, వాటికి కాస్త దూరంగా కారు డిక్కీలోంచి స్టీలు డబ్బాలు దించారు. ముందు టీ కప్పులతో ఫొటోలు అయ్యాయి. తర్వాత అందరూ పులిహోర తిన్నారు.

"ఒక రెండు నిమిషాలు ప్రసాద్ గారి గురించి మాట్లాడుకుందాం," అన్నాడు తేజేశ్వర్. మీటింగు మొదలైనప్పుడు అనే గొంతుతోనే అన్నాడు.

రేష్మ ముందు అందుకుంది. "ఆయనకి నేచర్ అంటే ప్రాణం. ఈ చెట్లు, ఈ పక్షులు, అసలు ఆయన సోల్ ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు."

జ్ఞానప్రసూన నోట్లో ముద్ద మెల్లగా నమిలింది. ఆయనకు ప్రకృతి అంటే క్రికెట్ మైదానంలో గడ్డి. పక్షి అంటే కాకి, మిగిలినవన్నీ 'ఏదో పిట్ట'. కుక్క కనిపిస్తే ఆమె వెనక్కి వచ్చేవారు. డల్లెస్ విమానాశ్రయంలో వీల్‌చెయిర్ల దగ్గర పనిచేసి, ఇంగ్లీషు రాని ముసలివాళ్ళను గేటు దాకా తోసుకెళ్ళి, దారిపొడుగునా వాళ్ళ మనవల పేర్లు కనుక్కునేవారు. మనుషులు కావాలి ఆయనకు. ఈ అడవులకు వచ్చింది కూడా వీళ్ళ కోసమే. అది వీళ్ళకు తెలీదు.

"వెరీ పాజిటివ్ పర్సన్," అన్నాడు ఒకాయన.

"అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తుండె సారు," అన్నాడు రఘు. "నాకైతే వీసా టెన్షన్ ఉన్నప్పుడు..." అని ఏదో చెప్పబోయాడు.

"యా, గ్రేట్ లిజనర్," అని తేజేశ్వర్ దాన్ని అక్కడికి కత్తిరించి, ఆమె వైపు తిరిగాడు. "మేడమ్, మీకు కూడా ఇవాళ ఒక క్లోజర్ వస్తుంది."

"దుకాణం మూసినట్టా?" అంది జ్ఞానప్రసూన.

ఎవరికీ అర్థం కాలేదు. రేష్మ ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది. రఘు ఒక్కడే తలదించుకుని పులిహోరలో పల్లీలు ఏరుకున్నాడు.

తిన్నాక అందరూ కొండ ఎక్కారు. కొండంటే పెద్దదేం కాదు, ఊరికి అందం కోసం మిగిల్చిన ఎత్తు. అయినా దారి నిలువుగా ఉంది. తేజేశ్వర్ బృందం ముందు వెళ్ళిపోయింది. జ్ఞానప్రసూన వెనక నడిచింది. ఆమెకు తోడుగా అవని ఆగింది.

అవని తేజేశ్వర్ కూతురు, పన్నెండో తరగతి. చిన్నప్పటినుంచి ఆదివారం తరగతికి వస్తున్న పిల్ల. వచ్చింది నేర్చుకోవడానికా, అమ్మ దింపి వెళ్ళిపోవడం వల్లా అన్నది ఆమెకు ఎప్పుడూ తేలలేదు. కాళ్ళకు పెద్ద బూట్లు, వాటికి పసుపుపచ్చ లేసులు.

"టీచర్, మీరు వాటర్ తాగుతావా?"

"తాగుతారా."

"తాగుతారా. సారీ." సీసా ఇచ్చింది. "నాన్న మీకు ఆ సెంటెన్స్ రాయమన్నాడు కదా."

"అన్నారు కదా."

"అన్నారు కదా. రాశారా?"

"లేదు."

మలుపు తిరిగేసరికి బెంచీ కనిపించింది. పాత చెక్క బెంచీ, వీపు చెక్క మీద ఇత్తడి కోసం ముందే నాలుగు రంధ్రాలు చేసి పెట్టారు. దాని ముందు గొప్ప దృశ్యమేమీ లేదు. కార్లు నిలిపిన చోటు, దాని వెనక నాలుగు వరసల రోడ్డు. ఎవరైతే ఈ దృశ్యాన్ని ప్రేమించారో. జ్ఞానప్రసూనకు పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు.

ఇద్దరూ కూర్చున్నారు.

"సార్ ఎక్కడ బెంచ్ ఉన్నా ఆగుతారు, ఇక్కడ కూడా," అంది అవని. "ఆగి, అందరికీ చెప్తారు. కూర్చోండి, వెళ్దురుగాని అని."

ఆగేవారు. చెప్పేవారు. సవరణ నాలుక చివరికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా అలా వచ్చినదాన్ని ఆమె ఒక్కసారి కూడా ఆపుకోలేదు. నోరు తెరిచింది కూడా. అవని ఆమె ముఖం చూడటం లేదు, బెంచీ అంచు చూస్తోంది.

"ఎవ్రీబడీ థింక్స్, సార్‌కి మాట్లాడటం ఇష్టం, అందుకే ఆపుతారు అని. కానీ సార్‌కి బ్రీత్ రాదు టీచర్. కూర్చున్నప్పుడు చెయ్యి ఇలా కింద పెడతారు." బెంచీ చెక్క అడుగున వేళ్ళు బిగించి చూపించింది. "గట్టిగా పట్టుకుంటారు. పైన నవ్వుతారు. ఎవరికీ తెలీదు."

జ్ఞానప్రసూన ఆ బిగించిన వేళ్ళ వైపు చూసింది. ఆ చెయ్యి తనకొక్కదానికే తెలుసు అనుకుంది ఇన్నాళ్ళూ. డాక్టరు చెప్పిన సంగతి బయట ఎవరికీ చెప్పవద్దని ఆయనే అన్నారు. చెబితే నడకకు పిలవడం మానేస్తారని భయం. అప్పటినుంచి ఎవరింటికి వెళ్ళినా, ఏ దారిలో ఆగినా, ఆయాసం వచ్చినప్పుడల్లా ఎదుటివాళ్ళకు మర్యాద చేసేవారు. కూర్చోండి, వెళ్దురుగాని. తను లేవలేక ఎదుటివాణ్ణి కూర్చోబెట్టే మనిషిని చూసి లోకమంతా ఎంత కలుపుగోలు మనిషో అనుకుంది.

"నీకెలా తెలుసు?"

"నేను చూస్తాను కదా. చూసి, నా లేస్ విప్పేస్తాను. విప్పి మళ్ళీ స్లోగా కట్టుకుంటాను. అప్పుడు నాన్న వాళ్ళు వెయిట్ చేయాలి. సార్ ఇంకొంచెం కూర్చోవచ్చు." బూటు కొనతో నేల మీద గీసింది. "సార్‌కి తెలుసు అనుకుంటా. ఒకసారి, 'ఆ బూట్లు మార్పించమ్మా, లేసులు నిలవడం లేదు' అంటారు. అని నాకు కన్ను కొడతారు."

విప్పేసేదాన్ని. కూర్చునేవారు. అన్నారు. కొట్టారు. తప్పుల మీద తప్పులు. ఒక్క వాక్యంలోనూ కాలం సరిగ్గా లేదు. తాను చెప్పడం మానేసిన పాఠం ఇది, ఈ పిల్ల నోట ఎప్పుడూ నిలవని పాఠం.

కింద రోడ్డు మీద కార్లు పోతూ ఉన్నాయి. జ్ఞానప్రసూన సంచిలోంచి అట్టముక్క తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"తర్వాత సార్ ఏం చేస్తారు?" అని అడిగింది.

"తర్వాతా? లేస్తారు. ఫస్ట్ మోకాళ్ళ మీద ఇలా కొట్టుకుంటారు. కొట్టుకుని, 'పదండి మరి, మిమ్మల్ని ఎవరు ఆపారు' అంటారు. నాన్నకి కోపం వస్తుంది. 'మీరే కదండీ ఆపింది' అంటారు."

"అంటాడు," అంది జ్ఞానప్రసూన. "మీ నాన్నకు 'అంటాడు' చాలు."

అవని ఆమె వైపు తిరిగి చూసింది, తను సరిగ్గానే విన్నానా అన్నట్టు. తర్వాత నవ్వాపుకోలేక సీసా నోటికి అడ్డం పెట్టుకుంది.

పైనుంచి తేజేశ్వర్ వాళ్ళు దిగి వచ్చారు. అదే వేళకు కింద నుంచి ఒక బ్యాటరీ బండిలో లిండా వచ్చింది. లిండా ఆ ఊరి మేనేజరు. ఉన్ని కోటు వేసుకుని, సగం వాక్యం ఇంగ్లండు యాసలో, సగం వర్జీనియా యాసలో మాట్లాడుతుంది.

"అయిందా మేడమ్?" అన్నాడు తేజేశ్వర్.

జ్ఞానప్రసూన అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో, బోర్డు మీద రాసినట్టు రాసి ఇచ్చింది.

అతను చదివాడు. రెండోవైపు తిప్పి చూశాడు. బాతు బొమ్మ తప్ప ఏమీ లేదు.

"ఇది... కూర్చోండి వెళ్దురుగాని. అంతేనా? ఇన్ లవింగ్ మెమరీ అదీ వద్దా? డేట్స్?"

"వద్దు."

"కనీసం పేరు మేడమ్. ఎవరికో తెలియాలి కదా."

ఆమె అట్ట వెనక్కి తీసుకుని ఆలోచించింది. మాట కింద కుడివైపున, ఉత్తరం చివర సంతకం చేసినట్టు, ఆంజనేయప్రసాద్ అని రాసింది. 'స్వర్గీయ' అని కానీ 'గారు' అని కానీ రాయలేదు. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు ఎవరూ గారు పెట్టుకోరు.

రేష్మ మొగుడి భుజం మీదుగా చదివి, "స్వీట్," అంది. "కానీ కొంచెం సింపుల్‌గా లేదూ? ఆయన నేచర్ లవ్ రాలేదు ఇందులో."

రఘు చదివి టోపీ తీసేశాడు.

లిండా ఆ అక్షరాల అందానికి ముచ్చటపడి, అర్థం చెప్పమని అడిగింది. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చివరికి అవని చెప్పింది ఇంగ్లీషులో: కూర్చోండి, తర్వాత మీరు వెళ్ళవచ్చు.

లిండా కాసేపు ఆలోచించి, అది నియమంలా ఉందనీ, తమ దగ్గర బెంచీల మీద సందర్శకులకు హెచ్చరికలు రాయరనీ చాలా మర్యాదగా చెప్పింది. తేజేశ్వర్ తెలుగు కల్చర్ అనీ, హాస్పిటాలిటీ అనీ ఆమెకు వివరించడం మొదలుపెట్టాడు. జ్ఞానప్రసూన వినలేదు. అట్ట లిండా చేతిలోకి వెళ్ళేదాకా మాత్రం చూసింది. వెళ్ళింది. కోటు జేబులో పెట్టుకుని లిండా బండి తిప్పుకుంది.

వచ్చిన పని అయిపోయింది కాబట్టి అందరూ దిగడం మొదలుపెట్టారు. కింద గోడ మెట్ల దగ్గర ఇంకో గ్రూప్ ఫొటో ఉందట. రేష్మ అందరి టోపీలు సరిచేస్తోంది.

జ్ఞానప్రసూన కూర్చునే ఉంది. కుడిచెయ్యి కిందికి జార్చి, బెంచీ చెక్క అడుగున వేళ్ళు ఆనించింది. గరుకుగా, చల్లగా ఉంది.

"మేడమ్," అని కింద నుంచి తేజేశ్వర్ కేకేశాడు. "లేట్ అవుతోంది, రండి. ట్రాఫిక్ పెరిగిపోతుంది. అవనీ, మేడమ్‌ని తీసుకురా."

అవని లేచి నిలబడింది. ఆమె చేతి వైపు ఒకసారి చూసింది. చూసి, మళ్ళీ కూర్చుని, వంగి, గట్టిగా ముడివేసి ఉన్న లేసు విప్పింది.